గుండుకు మైల పట్టిన వారం

"ఇవాళ బరువులెత్తే రోజు కాదు తాతా, ఊరికే చూసి పోదాం" అంది మా మనవరాలు. మార్కాపురంలో కొత్తగా పెట్టిన జిమ్ము చూపిస్తానని పొద్దున్నే నన్ను స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని తీసుకుపోయి, తీరా అక్కడ చెప్పులు విప్పాక ఆ మాట అంది. లోపల ఇనుప కడ్డీలు, చక్రాలు, నాలుగు పక్కలా అద్దాలు. పిల్లలు తమ ముఖాలు తామే చూసుకుంటూ మూలుగుతున్నారు. చేతికర్రతో వచ్చిన ముసలివాణ్ణి చూసి ఒక కుర్రాడు మర్యాదగా కుర్చీ వేశాడు. మా మనవరాలు అక్కడి ఆడపిల్లలందరిలో ఎక్కువ బరువు నేల మీద నుంచి లేపుతుందట. ఆ సంగతి ఆమె చెప్పలేదు, కుర్చీ వేసిన కుర్రాడు చెప్పాడు. "మరి ఇవాళ ఎందుకు ఎత్తవు?" అన్నాను. నేల నుంచి లేపే బరువు నిన్న అయిపోయిందనీ, తల మీదికి ఎత్తేది రేపనీ, మధ్యలో ఒక దినం ఒంటికి వదిలెయ్యాలనీ ఓపికగా చెప్పింది. బలం వచ్చేది ఎత్తిన రోజు కాదట, ఊరుకున్న రోజట. ఆ సంగతి నాకు తెలుసన్నాను. "నీకెట్ల తెలుసు?" "మా అత్త చెప్పింది." "ఆమె ఏ జిమ్ముకు పోయింది?" "ఎడ్ల కొట్టానికి" అన్నాను. చుట్టూ ఉన్న పిల్లలంతా నవ్వారు. నేనూ నవ్వాను గాని, ఇంటికి వచ్చి మంచం మీద వాలిన తరువాత కూడా అత్త నన్ను వదల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అత్త అంటే మా నాయనకు అక్క. దర్శి వైపు ఒక ఊరికి కోడలుగా పోయి, మొగుడు చనిపోతే కొన్నాళ్ళకే పుట్టింటికి తిరిగి వచ్చింది. అవి మద్రాసు సర్కారు రోజులు. మా తాలూకా అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. మా ఊరు పెద్దారవీడు అవతల, పొద్దుగూకే వైపు నల్లమల కొండలు గోడ కట్టినట్టు కనపడే చోటు. మా అమ్మ నా పసితనంలోనే పోయింది, నన్ను పెంచింది అత్తే. ఆమెకు ఇంట్లో వాళ్ళు అప్పజెప్పిన పని వంట. తనకు తాను అప్పజెప్పుకున్న పని ఎడ్లు. మా ఎడ్ల జత బండలాగుడు పందేలకు పోయేది. పందెం రోజున ములుకోల పట్టుకుని ముందు నడిచేది నాయనే, మెడలో దండ పడేదీ నాయనకే. కాని ఆ ఎడ్లు ఏ రోజున ఎంత బరువు లాగాలి, ఏ రోజున అసలు లాగకూడదు అన్నది అత్త చేతిలో ఉండేది. మా ఇల్లు ఉలవలు ఉడికే వాసనతో తెల్లవారేది. ఆమె ఇనుప చిప్పలో ఆముదం కాచుకుని, అది చేతికి పట్టేంత వేడి కాగానే కొట్టంలోకి పోయి ఎడ్ల భుజాలకు, తొడలకు పట్టించేది. చొప్ప, పేడ, కాగిన ఆముదం, ఉలవలు, ఈ నాలుగూ కలిసిన వాసన ఎక్కడన్నా తగిలితే ఇప్పటికీ నాకు ఆకలేస్తుంది. చెప్తే మా ఇంట్లో వాళ్ళు ముక్కు మూసుకుంటారు.

మా వైపు సోమవారం ఎద్దుకు కాడి వెయ్యరు. అది బసవన్న దినం. ఊరంతా భక్తితో పాటించేవారు, అంతకు మించి ఆలోచించేవారు కాదు. అత్త మాత్రం ఆ దినాన్ని గుంజ పాతినట్టు పాతుకుని, మిగతా వారాన్ని దానికి కట్టేసింది. సోమవారం ఎడ్లు నీడలో పడుకుని నెమరు వెయ్యాలి. మంగళవారం బండ నిండు బరువుతో లాగాలి. మర్నాడు వాగు ఇసుకలో ఊరికే నడక. ఆ తరువాత తేలిక దుక్కి. మళ్ళీ శనివారం బండ, కాని కొంచెం దూరమే. ఆదివారం కడిగి తోమడం. ఇది ఆమెకు ఎవరు నేర్పారో నాకు తెలియదు, అడిగితే "ఎడ్లే చెప్పినాయి" అనేది. అది ఊరికే అన్న మాట కాదని నాకు మెల్లగా తెలిసింది. ఆమె ఎద్దు తొడ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, కాసేపు అట్లాగే ఉండేది. "నిన్నటి బరువు ఇంకా దిగలేదు దీనికి" అనేది. బండ ఎక్కడో పొలం గట్టున పడి ఉంటే, దాని బరువు ఎద్దు ఒంట్లో ఎట్లా ఉంటుందా అని నేను ఆశ్చర్యపోయేవాణ్ణి. ఒక్కోసారి రెండో దినం కూడా దిగలేదనేది. అప్పుడు నాయన ఎంత అరిచినా ఆ ఎద్దును కదలనిచ్చేది కాదు.

ఇక గుండు సంగతి చెప్పాలి. మా ఊరి మొదట్లో ఆంజనేయస్వామి గుడి ముందు నల్లటి రాతి గుండు ఒకటి ఉండేది. ఏ కాలంలోనో గుండ్లకమ్మ నదిలో నుంచి తెచ్చారని చెప్పుకునేవారు. నీళ్ళు అరగదీసిన రాయి కదా, నున్నగా, ఎక్కడా పట్టు దొరక్కుండా ఉండేది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూడా దాని అడుగు చల్లగా ఉండేది. దాన్ని ఎత్తడమంటే ఒక్క ఊపున అయ్యే పని కాదు. గొంతుకూర్చుని కౌగిలించుకుని ముందు ఒడిలోకి లాక్కోవాలి. ఒడిలో నుంచి లేస్తూ రొమ్ము మీదికి దొర్లించాలి. రొమ్ము నుంచి భుజానికి, భుజం మీద నుంచి వీపు వెనక్కి వదలాలి. కాళ్ళు, నడుము, వీపు, చేతులు అన్నీ ఒకే మాట మీద నిలబడితేనే అది కదిలేది. హనుమజ్జయంతి తిరునాళ్ళలో స్వామి పల్లకి లేవాలంటే ముందు మా ఇంటి మగవాడు గుండు వెనక్కి వెయ్యాలి. ఆ తరువాతే పల్లకి, ఆ తరువాతే మిగతా ఇళ్ళ వాళ్ళ వంతు. ఎందుకు మా ఇంటికే ఆ ముందు వంతు అంటే చెప్పగలిగిన వాళ్ళు లేరు. మా తాత ఎత్తాడు, తాత తరువాత నాయన ఎత్తాడు, అంతే. ఆడవాళ్ళు ఆ గుండును తాకరాదు. స్వామి బ్రహ్మచారి, గుండు స్వామిది.

నాయన వయసు మళ్ళే కాలంలో ఒక యేడు గుండు ఆయన భుజం మీద ఒకటికి రెండుసార్లు తడబడింది. ఎట్లాగో వెనక్కి వేశాడు గాని మనసులో భయం పట్టుకుంది. మరుసటి యేడు తిరునాళ్ళకు ముందు మండలం దీక్ష పట్టాడు. రోజూ తెల్లవారుజామున బావి దగ్గర స్నానం చేసి, తడిబట్టలతో పోయి గుండు ఎత్తుతానని మొక్కుకున్నాడు. దీక్షలో నాగా ఉండదు కదా. మా వాళ్ళకు తెలిసిన పద్ధతి అదొక్కటే. దేవుడికి రోజూ దీపం పెట్టినట్టే గుండు కూడా రోజూ ఎత్తాలి అనుకున్నారు. మొదట్లో బాగానే లేచింది. రానురాను బరువెక్కింది. ఎత్తలేని రోజున భక్తి చాలలేదనుకుని మర్నాడు రెండుసార్లు ఎత్తేవాడు. గుడి దగ్గర పెద్దలు కూడా అదే సరైందన్నారు. తిరునాళ్ళ రోజున గుండు రొమ్ము దాకా వచ్చింది. అంతలో ఎండిన కట్టె విరిగినట్టు చప్పుడైందని పక్కనున్న వాళ్ళు చెప్పారు. డప్పుల మోతలో నేను వినలేదు. నాయన మెల్లగా కింద కూర్చోవడం మాత్రం చూశాను. మళ్ళీ నిలబడడానికి ఆయనకు ఎన్నో నెలలు పట్టింది, నిలబడిన తరువాత ఇక వంగలేదు. కంచం ఎత్తు పీట మీద పెడితే నిలబడి తినేవాడు. తువ్వాలు జారితే ఎవరో ఒకరు తీసి ఇవ్వాలి. గుళ్ళో సాష్టాంగం పడలేక, నిటారుగా నిలబడి చేతులు జోడించేవాడు. ఎవరైనా జాలిగా చూస్తే ముఖం తిప్పుకునేవాడు.

తరువాత కొన్నేళ్ళు మా ఇంటి వంతు లేకుండానే పల్లకి లేచింది. చివరికి పెద్దలు ఇంటికి వచ్చి, ఈసారి కూడా మీ ఇంట్లో ఎవరూ ఎత్తకపోతే ముందు వంతు ఇంకో ఇంటికి ఇస్తామని చెప్పి పోయారు. నాయన నా వైపు చూశాడు. నాకు అప్పుడే మీసాలు వస్తున్నాయి. భుజాలు ఉన్నాయి గాని వాటితో ఏం చెయ్యాలో తెలియదు.

"వీని నడుము గూడా ఇరగాల్నా?" అంది అత్త వంటింట్లో నుంచే.

"ఇంటి మాట పోతది గదక్కా" అన్నాడు నాయన. నేను ఆయన ముఖం చూడలేకపోయాను. ఆ మనిషికి ఇక మిగిలింది ఆ ముందు వంతు ఒక్కటే, అది పోతే ఆయన ఊళ్ళో తల ఎత్తుకోలేడని నాకు తెలుసు.

అత్త చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "అయితే వారం నాది. ఏ దినం ఎత్తాల్నో నేను చెప్తా, ఎంత ఎత్తాల్నో నేను చెప్తా. నువ్వు నోరు తెరవగూడదు. ఒప్పుకుంటే చెప్పు, లేకుంటే ఈ బిడ్డను నేను గుడి దిక్కుకే పోనియ్యను." నాయనకు ఒప్పుకోక దారి లేదు.

మరుసటి మంగళవారం నుంచి నేను మా ఎడ్లకు తోడు మూడో ఎద్దునయ్యాను. పెరట్లో ఒక విరిగిన రోలు పడి ఉండేది. మంగళవారం దాన్ని నేల మీద నుంచి ఒడిలోకి, ఒడి నుంచి రొమ్ముకు ఎత్తాలి. ఒళ్ళు ఇంకా ఎత్తగలనంటున్నప్పుడే అత్త ఆపించేది. మర్నాడు ఎడ్లతో పాటు వాగు ఇసుకలో నడక. ఆ తరువాత పాత బండి ఇరుసును తల మీదికి ఎత్తడం. అది భుజాల దినం, నడుముకు దాంతో పని లేదు. ఆ మర్నాడు ఇంటి చుట్టూ చిన్నా చితకా పనులు. శనివారం స్వామి దినం కాబట్టి ఊళ్ళో కుర్రాళ్ళంతా గుడి దగ్గర గుండు మీద చెయ్యి వేసేవాళ్ళు, నేనూ ఆ రోజున వేసేవాణ్ణి. ఆదివారం జొన్నల మూట వీపున పెట్టుకుని మెల్లగా కూర్చుని లేవడం, అదీ సగం మూటే. సోమవారం ఏమీ లేదు. నేను వద్దన్నా కొట్టంలో ఎడ్ల పక్కన చొప్ప పరిచి పడుకోబెట్టేది. కాగిన ఆముదం నా వీపుకు పట్టించి, ఎద్దు మీద ఆనించినట్టే అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకునేది. "ఎడ్లయితే చెప్పినట్టు పడుకుంటాయి. నీకు నోరుంది, అదే నాకు కష్టం" అనేది. సజ్జ సంగటి, ఉలవచారు, గిన్నెడు పెరుగు. నేను ఎంత తిన్నా ఆమె ఇంకొంచెం పెట్టేది.

ఆ సోమవారాలు నాకు నరకం. పొద్దంతా పడుకుంటే ఉన్న బలం కారిపోతుందేమో అనిపించేది. అరుగు మీద నిలబడి నాయన పళ్ళు కొరుక్కోవడం వినపడేది. కాని మంగళవారం పొద్దున రోలు ముందు గొంతుకూర్చుంటే, పోయిన వారం మొండికేసిన రాయి తనంతట తనే నా ఒడిలోకి వస్తున్నట్టు లేచేది. నేను భయపడి దాన్ని కింద పెట్టేసేవాణ్ణి. నిజంగా భయమే వేసింది. నేను ఏ పనీ చెయ్యని దినాన, ఎడ్ల పక్కన ఈగలు తోలుకుంటూ పడుకున్న దినాన, ఎవరు వచ్చి నా ఒంట్లో ఆ బలం పెట్టి పోయారు? వాన పడి ఆగిన తరువాత చేలో నిలబడితే ఏదో పెరుగుతున్నట్టు అనిపిస్తుంది చూడండి, అట్లాంటిది నా ఒళ్ళంతా జరుగుతోంది. దేవుణ్ణి గుళ్ళో చూశానో లేదో చెప్పలేను గాని, ఆ మంగళవారం పొద్దులలో మాత్రం నాకంటే పెద్దది ఏదో నన్ను తాకింది.

తిరునాళ్ళ ఆ యేడు శుక్రవారం పడింది. దానికి ముందు వారం అత్త నన్ను చంపినంత పని చేసింది. రోలుకు రాతి ముక్క కట్టి బరువు పెంచింది, ఇరుసు రోజున చేతులు మొద్దుబారిపోయాయి. శనివారం గుడికి పోయే ముందు నా వీపు మీద చెయ్యి వేసి, "ఇయ్యాల గుండు రాదు. రాకపోతే నువ్వేం దిగులు పడొద్దు" అంది. అట్లాగే గుండు ఒడి దాకా వచ్చి జారిపోయింది. గుడి ముందు నవ్వులు. నా తరువాత ముందు వంతు కోసం కాచుకున్న ఇంటి కుర్రాడు వచ్చాడు. దొనకొండ స్టేషనులో మూటలు మోసి గట్టిపడిన ఒళ్ళు అతనిది. గుండును భుజం దాకా తీసుకుపోయి, చిరునవ్వుతో దించాడు. నాయన గోడకు ఆనుకుని అదంతా చూశాడు.

సోమవారం ఇంకా చీకటి విడవక ముందే నాయన నన్ను కాలితో తట్టి లేపాడు. వంగి లేపలేడు కదా. "లెయ్ అబ్బీ. ఈ నాలుగు దినాలన్నా రోజూ ఎత్తితే వస్తది. స్వామికి మొక్కుకుని పట్టు." నేను కొట్టం వైపు చూశాను, అత్త కనపడలేదు. నాయన ముందు నడిచాడు, నేను వెనక నడిచాను. ఆయన ఎదుట కాదనే ధైర్యం మా ఇంట్లో అత్తకు తప్ప ఎవరికీ లేదు. గుడి దగ్గరికి చేరేసరికి తూర్పున తెల్లబడుతోంది. స్టేషను కుర్రాడు, ఇంకొందరు అప్పటికే వచ్చి ఒంటికి నూనె రాసుకుంటున్నారు. పూజారి గుడి తలుపు తీస్తున్నాడు. నేను పంచె బిగించి గుండు ముందు గొంతుకూర్చోబోతుండగా వెనక నుంచి అత్త వచ్చింది. తలలో చొప్ప పరకలు, చేతులకు ఉలవల నీళ్ళు. మగవాళ్ళ మధ్యలో నుంచి ఎవరి ముఖమూ చూడకుండా నేరుగా నడిచి వచ్చి, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, వంటింట్లో పీట మీద కూర్చున్నట్టు గుండు మీద కూర్చుంది.

ఒక్కసారిగా గోల మొదలైంది. 

"అక్కా, లెయ్!" అన్నాడు నాయన.

"లెయ్యను."

"అది స్వామి గుండు. ఆడోళ్ళు తాకరాదని ఎరగవా?"

"తాకినా గదా. మైలపడింది గదా. మైలపడినదాన్ని ఇంక నా బిడ్డ ఎట్ల తాకుతాడు?"

ఒకరు కర్ర తెమ్మన్నారు, ఒకరు కొప్పు పట్టుకుని లాగమన్నారు. ఎవరూ దగ్గరికి రాలేదు. ఆమె మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేల చూస్తూ కూర్చుంది. ఆ చేతులు చీర మడతను పట్టుకుని వదలడం లేదు. అది నేను చూశాను, ఆమె భయపడగా చూడడం నాకు అదే మొదలు. పూజారి ముసలాయన అందరినీ తప్పించుకుంటూ వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. కోపంగా చూసినట్టే చూశాడు. మెల్లగా వంగి, గొంతు తగ్గించి, "ఎన్ని దినాల మైల కావాల్నమ్మా?" అన్నాడు. అత్త తల ఎత్తకుండానే, "పండగ దాకా సామీ" అంది. నేను ఆమె పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినపడింది. ఆయన నడుము నిలబెట్టుకుని ఊరందరికీ వినపడేట్టు చెప్పాడు. గుండుకు మైల తగిలింది, పసుపు నీళ్ళతో కడగాలి, తడిగుడ్డ చుట్టి పెట్టాలి, తిరునాళ్ళ పొద్దు దాకా ఎవరూ చెయ్యి వెయ్యరాదు, వేసినవాడికి ఈ యేడు వంతు లేదు. ఆ ముసలాయన కూడా నాయన పడిన దినాన అక్కడే ఉన్నాడు.

దానికి అత్త ఖరీదు చెల్లించింది. తిరునాళ్ళకు ఆమె గుడి ముందుకు రాకూడదని పెద్దలు తీర్మానించారు. బావి దగ్గర ఆడవాళ్ళు ఆమె బిందె పక్కన తమ బిందె పెట్టడం మానేశారు. నాయన ఆమెతో మాట మానేశాడు. ఆమె వండి పెడితే తినేవాడు గాని పొయ్యి వైపు చూసేవాడు కాదు. అత్త మాత్రం ఎప్పటిలాగే ఉలవలు ఉడికించింది, నన్ను ఇసుకలో నడిపించింది, ఆముదం పట్టించింది. ఆ నాలుగు దినాలు నేను బరువన్నది ముట్టలేదు. గురువారం సాయంత్రం నా వీపు మీద చెయ్యి ఆనించి, చాలాసేపు కళ్ళు మూసుకుని, "దిగిపోయింది" అంది. రేపు నువ్వు చూడవు కదా అత్తా అన్నాను. "గుండు పడితే డప్పు మారతది. కొట్టానికి ఇనపడతది పో" అంది.

శుక్రవారం గుడ్డ విప్పారు. పసుపు ఆరిన గుండు మచ్చలు మచ్చలుగా ఉంది. నేను దాన్ని కౌగిలించుకున్నప్పుడు జనం, డప్పులు, నాయన అన్నీ దూరమైపోయాయి. రాయి చల్లగా నా ఒడిలోకి వచ్చింది. లేచాను, రొమ్ముకు వచ్చింది. నాయన నడుము ఇక్కడే పోయిందని ఒక్క క్షణం గుర్తొచ్చింది. అంతలో నా కాళ్ళలో ఎక్కడో ఇంకా వాడని బలం ఉందని తెలిసింది. వారం పొడుగునా నేను ఖర్చు పెట్టనిదంతా అక్కడ నా కోసం నిలబడి ఉంది. గుండు భుజానికి పోయింది, భుజం మీద నుంచి వెనక్కి పోయింది, నేల దద్దరిల్లింది. డప్పు మారింది. పల్లకి లేచింది. ఆ తరువాత వింత ఏమిటంటే, ఆ దినం అందరూ ఎత్తారు. స్టేషను కుర్రాడు ఎత్తాడు, ఎన్నడూ ఒడి దాటించలేని వాళ్ళు రొమ్ము దాకా తెచ్చారు. స్వామి ముందు కోపగించి తరువాత కరుణించాడని ఊరు చెప్పుకుంది. మరుసటి యేడు నుంచి తిరునాళ్ళ వారం గుండుకు తడిగుడ్డ చుట్టి పెట్టడం ఆచారమైంది. ఎందుకంటే ఎప్పుడో ఒక ఆడమనిషి తాకిందట, ఆ మైల యేటేటా కడగాలట! పూజారి బతికి ఉన్నన్నాళ్ళు తనే గుడ్డ చుట్టేవాడు, నన్ను చూసి కన్ను కూడా ఆర్పేవాడు కాదు.

ఇప్పుడు మా మనవరాలు ఇనుము పట్టుకుంటే ఎవరూ పసుపు నీళ్ళు తేరు. ఆమె వారమంతా ఆమె ఫోనులో ఉంటుంది, ఏ దినం నడుము, ఏ దినం భుజాలు, ఏ దినం ఏమీ లేదు. చూసి నాకు సంతోషమే వేసింది, దాన్ని దాచుకోను. మేము భక్తి అనుకుని చేసిన తప్పు ఆ పిల్లలు చెయ్యరు. కాని ఫోను ఎంత బాగా చెప్పినా, తొందరపడిన వాణ్ణి ఆపడానికి అది ఊరు మధ్యలో నుంచి నడిచి రాలేదు, పరువు పణంగా పెట్టి రాయి మీద కూర్చోలేదు. నేను ఇన్నేళ్ళ వయసులో చేతికర్ర పట్టుకున్నా వంగి నా చెప్పులు నేనే తొడుక్కుంటున్నాను. అట్లా తొడుక్కున్న ప్రతిసారీ నాకు అత్త మీద కలిగేది ప్రేమ ఒక్కటే కాదు. దండం పెట్టాలనిపించే భయం కూడా.

ఆ శుక్రవారం పొద్దుగూకే వేళ నేను, నాయన ఇంటికి తిరిగి వచ్చాం. దండ నాయన మెడలో ఉంది, నేనే వేశాను. అత్త అరుగు మీద కూర్చుని, కాళ్ళు కింది మెట్టు మీద పెట్టుకుని, చేటలో ఉలవలు ఏరుతోంది. మా అరుగు ఎత్తుగా, వీధిలో నిలబడిన మనిషి రొమ్ము దాకా వచ్చేది. నాయన ఆమె ముందు ఆగాడు. సోమవారం తరువాత ఆయన ఆమెతో మాట్లాడడం అదే మొదలు.

"అక్కా, నా యేడు గూడా వచ్చి కూర్చోని ఉంటే బాగుండు."

అత్త చేతులు చేటలో ఆగిపోయాయి. "వచ్చినా తమ్ముడా" అంది. "నువ్వు పడే ముందు దినం గుడి మూల దాకా వచ్చినా. అంతమంది మగోళ్ళను చూసి నాకు కాళ్ళు రాలేదు. తిరిగొచ్చేసినా." ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. అన్నేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట అది.

నాయన ఆమె పాదాల వైపు చేతులు చాచాడు. నడుము ఒప్పుకోలేదు. పట్టుబట్టి ఇంకొంచెం వంగబోయాడు, ముఖం నొప్పితో నల్లబడింది, చేతులు గాలిలోనే ఆగిపోయాయి. నేను పట్టుకోబోయాను. అంతలో అత్త చేట పక్కకు నెట్టి లేచింది. అరుగు మీద నిలబడి, అంచు దాకా వచ్చి, పాదాలు రెండూ ఆయన చేతులకు అందేట్టు దగ్గరగా పెట్టింది. నాయన నిటారుగా నిలబడి ఉండగానే ఆ పాదాలు తాకి, చేతులు కళ్ళకు అద్దుకున్నాడు.